కపాలమాల కాదు: అండమాను శోకచిహ్నముల తెలుగు పేరును గూర్చి

అండమాను ద్వీపవాసులలో, ముఖ్యముగా గ్రేట్ అండమానీయులని వ్యవహరింపబడు తెగలవారిలో, ఒక ఆచారము ఉండెడిది. తమవారిలో ఒకరు మరణించిన కొన్ని నెలలకు వారి అస్థికలను వెలికి తీసి, సముద్రజలమున కడిగి, పుర్రెకు ఎఱ్ఱరంగును తెల్లమన్నును పూసి, దానికి అల్లికపట్టీని కట్టి, మెడనుండి వ్రేలాడునట్లు ధరించెడివారు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1922లో ప్రకటించిన 'ది అండమాన్ ఐలాండర్స్' అను గ్రంథమున, తోబుట్టువు పుర్రెను ఇట్లు ధరించిన ఒక యువతి ఛాయాచిత్రము కలదు. ఈ వస్తువును తెలుగులో పేర్కొనవలసినప్పుడు మనకు మొదట స్ఫురించు మాట 'కపాలమాల'. అది తగని మాటయని నా అభిప్రాయము. ఎందుచేత తగదో, దానికి బదులు ఏమని వ్రాయవలెనో విచారించుట భాషావిషయమున పనిచేయువారి విధి. ఈ విచారణలో, అండమానులకు ఎంతో దూరమున ఉన్నట్లు కనబడు మరియొక వస్తువు మనకు మిక్కిలి తోడ్పడును. అది ఏనుగుదంతపు ఱేకుపై నీటిరంగులతో వ్రాసిన ఐరోపీయుల శోకచిత్రము.

'కపాలమాల'లోని దోషములు రెండు. మాల యనగా పెక్కింటిని గ్రుచ్చినది. అండమాను స్త్రీ మెడలో ఉన్నది ఒక్క పుర్రె. ఇది చిన్న దోషము. పెద్ద దోషము ఆ మాట తనతో మోసికొనివచ్చు సంస్కారమున ఉన్నది. మన సాహిత్యమున కపాలమాల రుద్రునిది, భైరవునిది, కాళిది. కపాలమును చేతబట్టి తిరుగువాడు కాపాలికుడు. ఆ తలలు ఎవరివని కావ్యపాఠకుడు అడుగడు. ఎవరివియు కాకుండుటలోనే వాని భయంకరత్వము, వైరాగ్యము కలవు. శివుని మాలలోని తలలు పార్వతీదేవి పూర్వజన్మములవని చెప్పు కథ ఒకటి కలదు. అది అండమాను భావమునకు కొంత సమీపించును. కాని కపాలమాల యనగానే మనకు తోచునది ఆ కథ కాదు, శ్మశానము. పైగా 'కపాలము' అను సంస్కృతపదమునకు పెంకు, పాత్ర అను అర్థములును కలవు. యజ్ఞమున పురోడాశమును కాల్చు మట్టిపెంకులు కపాలములే. ఆ మాట వినినంతనే తల అందులో ఉండిన మనుష్యుడు మఱుగుపడి, ఒక గుల్ల మిగులును. అండమాను స్త్రీ ధరించినది గుల్లను కాదు, తన తోబుట్టువును.

శత్రువుల తలలు నఱికి తెచ్చు తెగలను గూర్చిన కథలు చదివినవారు దీనిని విజయచిహ్నమని భావింపవచ్చును. అది కపాలమాల కంటెను పెద్ద పొరపాటు. ఇచ్చట శత్రువు లేడు, విజయము లేదు. ఉన్నది శోకము మాత్రమే.

ఈ వస్తువునకు సరియైన జోడు మన పురాణములలో దొరకదు. ఆ ద్వీపములకు ఓడలెక్కి వచ్చి, అచ్చటివారిని క్రూరజాతియని వ్రాసిన ఆంగ్లేయుల సమాజముననే అది దొరకును. దంతఫలకముపై నీటిరంగులతో మనుష్యుని ముఖమును చిత్రించు విద్య 1700 ప్రాంతమున వెనిస్ నగరమున రోసాల్బా కార్రియెరా అను చిత్రకర్త్రివలన ప్రసిద్ధికెక్కినది. ఆమె మొదట నస్యపు డబ్బీల మూతలకు దంతముపై బొమ్మలు వ్రాసెడిది. 1705లో రోము నగరపు చిత్రకళాపరిషత్తులో ఆమెకు స్థానము లభించినది ఇట్టి దంతచిత్రము మూలముననే. అంతకు పూర్వము ఇంగ్లండులో ఇట్టి చిన్నచిత్రములను దూడచర్మపు పలుచని పొరపై వ్రాసి, వెనుక పేకముక్కను అంటించెడివారు. దంతము వచ్చిన తరువాత చర్మము వెనుకబడినది.

దంతముపై నీటిరంగు వేయుట సులభకార్యము కాదు. దంతమునకు సహజముగా జిడ్డు కలదు. నీటిరంగు దానిపై నిలువక చెదరిపోవును. అందుచేత పలుచగా కోసిన ఱేకును గీకి, నురుగురాతి పొడితో రుద్ది, జిడ్డు పోగొట్టి, ఎండలో తెల్లబఱచి, అటుపిమ్మట సన్నని కుంచెతో చుక్కలు చుక్కలుగా, గీతలు గీతలుగా రంగును నిలుపవలెను. ఇంత శ్రమకు ఫలమేమన, దంతము కొంతవరకు వెలుగును లోనికి పోనిచ్చును. నుదుటను, చెక్కిళ్లను చిత్రకారుడు రంగుతో కప్పక, పలుచని ఛాయ మాత్రము వేసి విడిచినచో, దంతమే మనుష్యచర్మమువలె ప్రకాశించును. మఱింత కాంతికై ఱేకు వెనుక వెండితగడు పెట్టినవారును కలరు. ఒక ప్రాణి దంతము మరియొక ప్రాణి చర్మమైనట్లు కనబడుటయే ఆ విద్యలోని రహస్యము. రసికులు దీనిని ఎంతగానో మెచ్చుకొనిరి; ఆ దంతము ఎవరిదని అడిగినవారు తక్కువ.

శోకచిత్రములలో రెండు తీరులు కనబడును. కొన్నింట మృతుని ముఖమే ఉండును. కొన్నింట ముఖమునకు బదులు ఒక సమాధి, దానిపై కలశము, వంగిన విల్లోచెట్టు, సమాధిపై వ్రాలి ఏడ్చుచున్న స్త్రీ ఉందురు. చట్రము అంచున మృతుని పేరు, మరణించిన దినము, వయస్సు చెక్కబడియుండును. ఇవి పైకి కనబడునవి. వెనుకకు త్రిప్పినచో గాజుపలక క్రింద మృతుని వెండ్రుకలు జడవలె అల్లి అమర్చబడియుండును. మఱికొందరు చిత్రకారులు ఆ వెండ్రుకలను సన్నముగా తఱిగి, రంగులో కలిపి, ఆ రంగుతోనే సమాధిని చెట్టును చిత్రించిరి. అనగా మృతుని దేహములోని కొంత భాగమే చిత్రమైనది. ఇట్టివానిని ఉంగరములందు, కంకణములందు, మెడలో వ్రేలాడు లాకెట్టులందు బిగించి, భార్యలు, తల్లులు, తోబుట్టువులు ధరించెడివారు. పందొమ్మిదవ శతాబ్దము నడుమ ఛాయాచిత్రము వచ్చి దంతచిత్రమును తొలగించినది గాని వెండ్రుకలను తొలగింపలేకపోయినది. 1861లో భర్త ఆల్బర్టు మరణించిన పిమ్మట విక్టోరియా రాణి ఆయన వెండ్రుకలుగల లాకెట్టును ధరించినది.

ఈ విద్య మన తీరమునకును చేరినది. జాన్ స్మార్ట్ అను పేరుపొందిన చిత్రకారుడు 1785 మొదలు 1795 వరకు చెన్నపట్టణమున నివసించి, ఆర్కాటు నవాబు మహమ్మదాలీని, కంపెనీ ఉద్యోగులను, వారి కుటుంబములను దంతముపై చిత్రించెను. ఆ కాలపు చిత్రములపై తన పేరు పొడియక్షరముల ప్రక్క, ఇండియాకు గుర్తుగా 'ఐ' అను ఆంగ్లాక్షరమును వ్రాసెడివాడు. ఇంగ్లండుకును చెన్నపట్టణమునకును నడుమ నెలల తరబడి ఓడప్రయాణము. బ్రతికియున్నవాడు తల్లికి పంపిన చిత్రము, మరణవార్త ఆ యింటికి చేరిన దినమున శోకచిత్రముగా మారెడిది. ఆ పదేండ్ల నడుమనే, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమానులలో కంపెనీ తొలి వలసను స్థాపించెను. రోగములు పెచ్చుపెరిగినందున 1796లో ఆ వలసను విడిచిపెట్టిరి. ఈ కొద్దికాలమున భాషాపరిశోధకులకు ఒక మేలు జరిగినది. కోల్‌బ్రూక్ అను అధికారి అండమాను మాటలను కొన్నింటిని సేకరింపగా, అవి 1795లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' సంపుటమున అచ్చైనవి. 1858 మార్చిలో ఖైదీల వలసగా ఆంగ్లేయులు మరల అచ్చటికి వచ్చిరి, ఈసారి విడిచిపోలేదు.

ఆ రెండవ రాక తరువాతనే మనము మొదట చెప్పుకొన్న ఆచారము గ్రంథములకు ఎక్కినది. 1869 మొదలు 1901 వరకు ఆ ద్వీపములలో ఉద్యోగము చేసిన ఇ. హెచ్. మాన్, అటుపిమ్మట పోర్ట్‌మన్, 1906 – 1908 నడుమ అచ్చట పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఈ ముగ్గురి వ్రాతలే మనకు ప్రధానమైన ఆధారములు. వారు చెప్పిన క్రమమును కొంత వివరముగా చూడవలెను; ఎందుచేతననగా పుర్రెను ధరించుట ఆ క్రమమున చివరిమెట్టు మాత్రమే.

పెద్దలు మరణించినచో పాతిపెట్టుటయో, గౌరవింపదగినవారైనచో చెట్టుకొమ్మలలో మంచెగట్టి దానిపై ఉంచుటయో చేసెడివారు. పసిబిడ్డను మాత్రము తల్లిదండ్రుల గుడిసెలో పొయ్యి క్రిందనే పాతెడివారు. ఆ ప్రాణము మరల ఆ తల్లి కడుపుననే పుట్టునని నమ్మకము. పిమ్మట ఆ మజిలీని విడిచిపోయెడివారు. దగ్గరివారు దేహమునకు బూడిదరంగు మన్ను పూసికొని, ఎఱ్ఱరంగును తెల్లమన్నును ముట్టక, నృత్యమున పాల్గొనక శోకము పాటించెడివారు. మృతుని పేరును పలుకరాదు. అంతేకాదు, శోకములో ఉన్నవారి పేరును కూడ పలుకరాదు. తల్లినో తండ్రినో పోగొట్టుకొన్నవానిని ఒక మాటతోను, తోబుట్టువును పోగొట్టుకొన్నవానిని మరియొక మాటతోను పిలిచెడివారు. మనిషి పేరు పోయి, అతడు పోగొట్టుకొన్నదియే అతని పేరగును. కొన్ని నెలలకు ఎముకలను తెచ్చి కడిగినప్పుడు శోకము ముగియు ఘట్టము వచ్చును. అందరును కూడి ఏడ్చి, మరల నృత్యము చేయుదురు. ఆ దినమున శోకమున ఉన్నవారు తాము విడిచిన ఎఱ్ఱరంగును తెల్లమన్నును మరల ధరింతురు. పుర్రెకును ఆ రెండు రంగులనే పూయుదురు. చిన్న ఎముకలను దారమునకు కట్టి దండలు చేయుదురు.

ఇక్కడ మన ఆచారమును జ్ఞప్తికి తెచ్చుకొనుట అవసరము. మన ప్రాంతమున శోకము మెడనుండి తీసివేయుటచేత తెలియజేయబడినది. భర్త మరణించిన స్త్రీ తాళిని తీసిరి, గాజులు చిట్లగొట్టిరి, పసుపు కుంకుమలు తుడిచిరి. ఆ క్రూరత్వమును గూర్చి వీరేశలింగము పంతులవారి కాలమునుండియు చెప్పవలసినంత చెప్పబడినది. ఇచ్చట నా ప్రసంగము సంకేతమును గూర్చి మాత్రమే. చితినుండి ఏరిన అస్థికలను సంచయనము చేసి, గోదావరిలోనో కృష్ణలోనో కలిపి, చేతులు కడిగికొందుము. ఎముక ఇంట ఉండుట మనకు అశుచి, అనర్థము. అండమానీయులు, ఆంగ్లేయులు ఇందుకు విపరీతముగా శోకమును మెడలో వేసికొనుటచేత ప్రకటించిరి. తెలుగులో దీనికి మాట లేకపోవుట భాష దరిద్రమై కాదు; మనము ఆ పనిని చేయనందున. లేని మాటకు బదులుగా శ్మశానమునుండి 'కపాలమాల'ను ఎరవు తెచ్చుకొనుట కంటె, ఆ పని చేసినవారి మాట ఎట్లుండెనో చూచుట మేలు.

అయితే పుర్రెను దంతచిత్రముతో పోల్చుట తగునా అని ఒక ఆక్షేపము పుట్టవచ్చును. దంతచిత్రమున ముఖసాదృశ్యము కలదు, అది కళ. పుర్రెలో సాదృశ్యమెక్కడిది? ఈ ఆక్షేపము పైపైన చూచినచో బలముగానే ఉన్నది. కాని సాదృశ్యమే చాలినచో చిత్రము వెనుక వెండ్రుకలెందుకు? ముఖము అంత చక్కగా వచ్చిన తరువాతను, దేహములోని ఒక నిజమైన తునుక తన చర్మమునకు తగులుచుండవలెనని ఆ ఆంగ్లవనిత కోరినది. సమాధిని చెట్టును మాత్రము చిత్రించిన వానిలో ముఖమే లేదు. అయినను అవి శోకచిత్రములే. ఇక పుర్రె సంగతి. ఎఱ్ఱరంగు, తెల్లమన్ను బ్రతికియున్న అండమానీయుడు నృత్యమునకు పోవునప్పుడు దేహమునకు పూసికొను రంగులు. శోకమున ఉన్నవారికి నిషేధింపబడిన రంగులును అవియే. ఆ రంగులతో అలంకరింపబడిన పుర్రె, నృత్యమునకు సిద్ధమైన మనిషి ముఖము. ఇది నా వ్యాఖ్యానమే గాని ఆ గ్రంథకర్తలది కాదు. ఐనను రంగుల వరుస దీనినే సూచించుచున్నది. దంతముపై చర్మపుచాయ వేసిన చిత్రకారుడును, ఎముకపై ఎఱ్ఱరంగు పూసిన తల్లియు బ్రతుకును మరల రప్పించుటకు రంగునే ఆశ్రయించిరి.

రెండును అన్నివిధముల ఒకటియే అని నేను చెప్పుట లేదు. అండమాను ఎముకల దండలను నొప్పియున్న అవయవమునకు కట్టి స్వస్థతను ఆశించెడివారు. లాకెట్టును ఎవరును తలనొప్పికి కట్టుకొనలేదు. దంతచిత్రమునకు వెల గలదు, చిత్రకారునకు కూలి గలదు, ధనవంతులకే అది దక్కెడిది. అండమాను పుర్రె చేతులు మారి బంధువుల నడుమ, మిత్రుల నడుమ తిరిగెడిది, అమ్మకపువస్తువు కాదు. ఈ భేదములు ముఖ్యమైనవే. కాని ఒకటి జ్ఞాపికగాను మరియొకటి అనాగరికాచారముగాను రెండు వేర్వేరు గదులలో చేర్చుటకు ఇవి చాలవు.

ఇప్పుడు భాష సంగతి. గ్రేట్ అండమానీయ భాషలు పది. వాని వ్యాకరణమున ఒక విశేషమును మాన్, పోర్ట్‌మన్ మొదలైనవారు పందొమ్మిదవ శతాబ్దముననే గుర్తించిరి. అన్వితా అబ్బి తమ నిఘంటువునందును 2013లో ప్రకటించిన వ్యాకరణమునందును దానిని సమగ్రముగా నిరూపించిరి. ఈ భాష సమస్తమును మానవదేహముపై నిలిచియున్నది. దేహభాగములు ఏడు తరగతులు. నోటికి సంబంధించినవి ఒకటి, తలవంటి ముఖ్యమైన బాహ్యావయవములు ఒకటి, వ్రేళ్లవంటి కొసలు ఒకటి, లోపలి అవయవములు ఒకటి, ఇట్లు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క పూర్వలగ్నకము కలదు. అది నామమునకే గాక క్రియకు, విశేషణమునకు, క్రియావిశేషణమునకు కూడ చేరి అర్థమును నిర్ణయించును. అక-బేయ, అక-బో, అక-జేరు అను పేర్లలోని 'అక' నోటికి సంబంధించిన లగ్నకమే. అది ఆ నోటి మాట, అనగా ఆ తెగ భాష. మన విషయమునకు ముఖ్యమైన నియమము వేరొకటి. దేహభాగమును, బంధువును తెలుపు మాటలు స్వామి లేక నిలువవు. నా తల, నీ తల, ఆమె తల అని మాత్రమే చెప్పవచ్చును. ఎవరిదియు కాని 'తల' అను మాట ఆ భాషలో లేదు.

దీని ఫలితమును గమనింపవలెను. 'పుర్రె, అండమాను ద్వీపములు' అని మ్యూజియమువారు ఒక చీటీ వ్రాసినచో, ఆ చీటీని ఆ ద్వీపముల భాషలోనికి తర్జుమా చేయుటకు వీలులేదు. ఎవరి పుర్రె అని వ్యాకరణమే అడుగును. చీటీ వ్రాసినవాడు ఎముకను మాత్రమే గాక, దానిని ఒక మనిషికి కట్టియుంచిన ప్రత్యయమును కూడ త్రెంచినాడు. మృతుని పేరు పలుకరాదను నిషేధము కలవారికి, పేరు లేకయే ఆ మనిషిని తెలుపు సాధనము ఈ సంబంధబోధకమే. పేరు చెప్పరు, 'నా తోబుట్టువు' అని చెప్పుదురు. దానిని తీసివేసినచో మిగులునది ఏమి?

ఇది మనకు పూర్తిగా పరాయి సంగతి కాదు. ప్రాచీన తమిళమున ఎందై, నుందై, తందై అని మూడు రూపములు కలవు: నా తండ్రి, నీ తండ్రి, తన తండ్రి. అట్లే ఎంబి, నుంబి, తంబి. 'తండ్రి' యని ఊరక అనుటకు అప్పుడు వీలులేకుండెను. ఎవరి తండ్రియో చెప్పియే తీరవలెను. మన తండ్రి, తమ్ముడు అను మాటల మొదట నిలిచిన తకారము ఆ 'తన', 'తమ' అను సర్వనామముల శేషమని ద్రావిడభాషాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ అర్థము మఱుగుపడి మనము నేడు 'మా తండ్రి', 'వారి తమ్ముడు' అని రెండవమారు స్వామిని చేర్చుచున్నాము. బంధువిషయమున మన పూర్వులు పాటించిన నియమమును అండమానీయులు తలకును, ఎముకకును కూడ పాటించిరి.

ఇదంతయు పండితుల వినోదమని త్రోసివేయుటకు వీలులేని కారణములు కలవు. 1877లో వ్యాపించిన పొంగు మొదలైన రోగములవలన గ్రేట్ అండమానీయులు త్వరత్వరగా నశించిరి. 1901 జనాభాలెక్కలో వారు 625 మంది. 1961లో 19 మంది. 2011లో 44 మంది. బో భాష మాటలాడిన చివరి వ్యక్తి బోవా 2010 జనవరి 26న, సారె భాష మాటలాడిన చివరి వ్యక్తి లీచో 2020 ఏప్రిల్ 4న మరణించిరి. నేడు ఆ జాతివారి వాడుకభాష హిందీ. పుర్రెను ధరించు ఆచారము ఎన్నడో పోయినది. కనుక ఆ వస్తువు, దానిని చెప్పిన వ్యాకరణము రెండును ఇప్పుడు ఇతరుల చేతులలోనే ఉన్నవి. వస్తువులు బ్రిటిష్ మ్యూజియము, ఆక్స్‌ఫర్డులోని పిట్ రివర్స్ మ్యూజియము మొదలైన చోట్ల. మాటలు మనవంటివారి నిఘంటువులలో.

చట్టములను చూచినను మాటకు గల బలము తెలియును. ఇంగ్లండులో 2018లో చేసి 2022లో అమలుపఱచిన దంతనిషేధచట్టము, దంతవ్యాపారమును దాదాపు పూర్తిగా మాన్పించుచు, 1918కి పూర్వము వ్రాసిన దంతముఖచిత్రములకు, అవి 320 చదరపు సెంటీమీటర్లకు మించనిచో, పేరుపెట్టి మినహాయింపు నిచ్చినది. వానికి ఒక పేరు ఉండుటచేతనే ఆ రక్షణ లభించినది. 2004 నాటి మానవకణజాలచట్టము, వేయి సంవత్సరములలోపు మానవావశేషములను తిరిగి యిచ్చు అధికారమును తొమ్మిది జాతీయ మ్యూజియములకు కల్పించినది. 2006లో బ్రిటిష్ మ్యూజియము రెండు చితాభస్మపు మూటలను టాస్మేనియా ఆదిమవాసులకు ఇట్లే అప్పగించినది. పిట్ రివర్స్ మ్యూజియము 2020లో 120 మానవావశేషములను ప్రదర్శననుండి తొలగించినది. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక నాగా పుర్రె వేలమునకు రాగా, నాగాలాండ్ ముఖ్యమంత్రి అభ్యంతరము తెలిపిన మీదట దానిని వేలమునుండి ఉపసంహరించిరి. నాగాలకు అడుగుటకు లక్షలాది జనము, ఒక ప్రభుత్వము కలవు. 44 మందికి అట్టి బలము లేదు. 'ఆభరణము' అని నమోదైన వస్తువును ఎవరును తిరిగి అడుగరు; 'ఒకని తల్లి' అని నమోదైనచో అడుగుటకు మార్గముండును.

మన భాషకు ఈ విషయమున ప్రత్యేకమైన పూచీ కూడ కలదు. 2011 లెక్కప్రకారము ఆ ద్వీపములలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత నాల్గవ స్థానము తెలుగునది. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లో మ్యూజియము చూడబోవు బాలుడు ఇంటికి వచ్చి తల్లికి తెలుగులో ఏమని చెప్పును? వానికి మనము ఇచ్చిన మాట కపాలమాలయే అయినచో, వాడు తన పొరుగువారిని రాక్షసులుగా తెలిసికొని పెరుగును.

అయినచో ఏమని వ్రాయవలెను? 'శోకాభరణము' అను సమాసము కొందరికి నచ్చవచ్చును. అది దంతచిత్రపు లాకెట్టునకు చక్కగా సరిపోవును, దానికి వాడుకొందము. పుర్రెకు మాత్రము అది చాలదు. ఆభరణమని అనగానే స్వామి మరల మాయమగును. 'ఆప్తాస్థి' అని నేనే ఒక మాటను కల్పించి చూచితిని. అందు ఆప్తత్వము వచ్చినది గాని, ఎవరికి ఆప్తులో రాలేదు. పైగా అది చెవికి మందుపేరువలె ఉన్నది. తుదకు నాకు తోచినదేమన, ఇచ్చట జాతివాచకము కల్పింపనే కూడదు. అండమాను భాషలు కల్పింపలేదు. తెలుగులో పుర్రె అను తేటమాట ఉన్నది, షష్ఠీవిభక్తి ఉన్నది. ఆ రెండును చాలును. నిఘంటువులందును, విజ్ఞానసర్వస్వములందును, పాఠ్యగ్రంథములందును, స్వామిని చెప్పక ఆ మాటను వ్రాయకుండుటయే నియమముగా పెట్టుకొనవలెను. తల్లి పుర్రె, మగని పుర్రె, తోబుట్టువు పుర్రె. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ గ్రంథములోని ఛాయాచిత్రమునకు 'కపాలమాలను ధరించిన అండమాను యువతి' అని గాక, 'తోబుట్టువు పుర్రెను మెడలో ధరించిన యువతి' అని వ్రాయవలెను.

స్వామి ఎవరో తెలియనివి పెక్కులు ఉండును. సంగ్రహాలయములకు చేరిన దంతచిత్రములలోను ఇట్టివి లెక్కకు మిక్కిలి. చట్రముమీది పేరు అరిగినదో, చట్రమే మాఱినదో, 'అజ్ఞాతవనిత' అని చీటీ మిగిలినది. వెనుక వెండ్రుకలు మాత్రము చెక్కుచెదరక ఉన్నవి. ఇట్టి సందర్భములకు తెలుగు ఒక చిన్న మాటను సిద్ధముగా ఉంచినది: 'ఎవరిదో'. స్వామి తెలియదనియు, స్వామి కలదనియు ఒక్క మాటతో చెప్పుట దానికి సాధ్యము. 'ఎవరిదో ముఖము, దంతముపై నీటిరంగులు.' 'ఎవరిదో పుర్రె, గ్రేట్ అండమాను; దగ్గరి బంధువు ధరించినది.' రెండు చీటీలను ఈ విధముగా వ్రాసి ఒకే గదిలో పెట్టవచ్చును.